వేలంలో ఇల్లు: చౌక ఎంత, చాకిరీ ఎంత?

నాలుగేళ్లపాటు నేను ఇళ్లు వేలం వేసే పనిలో ఉన్నాను. ఐదో ఏడు నేనే వేలంలో ఇల్లు కొనడానికి కూర్చున్నాను. అమ్మే వైపు ఉన్నన్నాళ్లూ నా కంటికి ఆననివి ఎన్ని ఉన్నాయో, కొనే వైపు వచ్చాక తెలిసింది.

మన బ్యాంకు వసూళ్ల విభాగంలో మేనేజరుగా ఉన్నప్పుడు వారానికి రెండు మూడు ఫోన్లు వచ్చేవి. పక్క శాఖ క్యాషియర్ గారు, రిటైరైన పాత మేనేజరు గారి అబ్బాయి, మా ఊరివాళ్లు... అందరిదీ ఒకటే మాట. "మేడమ్, వేలంలో మంచి ఫ్లాటు ఏదైనా ఉంటే చెప్పండి. చాలా చౌకగా వస్తుందట కదా!" చూసి చెబుతాననేదాన్ని. నిజంగా ఎంత చౌక అన్నది మాత్రం నేనెప్పుడూ లెక్క కట్టలేదు. మాకంటూ ఇల్లు కావాల్సి వచ్చినప్పుడు ఆ లెక్క కట్టక తప్పలేదు. ఆ లెక్కనే ఇక్కడ మీతో పంచుకుంటున్నాను. మన కుటుంబాల్లో ఎవరైనా ఈ దారిలో వెళ్లాలనుకుంటే పనికొస్తుందని ఆశ.

మేం హైదరాబాద్‌లో నెలకు 18 వేల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మావారు ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఇంటర్ రెండో సంవత్సరం. నాకు స్టాఫ్ గృహరుణం 44 లక్షల వరకు వస్తుందని తేలింది. పొదుపు, పీఎఫ్ నుంచి తీసుకోగలిగింది అన్నీ కలిపితే చేతిలో 22 లక్షలు. ఇవి కాక పెద్దదాని ఇంజనీరింగ్ ఫీజుకని దాచిన 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఉంది. దాని జోలికి వెళ్లకూడదని మొదటిరోజే ఇద్దరం అనుకున్నాం. ఆ మాట మీద ఎంత గట్టిగా నిలబడ్డామో తర్వాత చెబుతాను.

ఇల్లు వేలం దాకా ఎలా వస్తుంది?

మన ఇళ్లలో చాలామందికి సర్ఫేసీ అన్న పేరు తెలుసు, అందులో ఏముందో తెలియదు. 2002లో వచ్చిన ఈ చట్టం కింద బ్యాంకు కోర్టులో దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చు. అయితే మెట్లు వరసగా ఎక్కాలి. 90 రోజులకు మించి వాయిదాలు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. అప్పుడు మొత్తం బాకీ 60 రోజుల్లో కట్టమని 13(2) నోటీసు వెళ్తుంది. రుణగ్రహీత అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటినా కట్టకపోతే 13(4) కింద ఆస్తి స్వాధీనం. లోపలివాళ్లు ఖాళీ చేయకపోతే 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు సాయం కోరాలి. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటును కూడా అడగవచ్చు. ఆ తర్వాత ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యూయర్‌తో విలువ కట్టించి, రిజర్వు ధర నిర్ణయించి, పత్రికల్లో ప్రకటించి వేలం వేస్తారు. మొదటి వేలానికి 30 రోజుల ముందు నోటీసు ఉండాలి. అది జరగకపోతే తర్వాతి వేలానికి 15 రోజులు చాలు.

కొనేవాళ్లకు ఈ పాఠం ఎందుకంటే, ఈ మెట్లలో ఎక్కడ తప్పటడుగు పడినా అది రుణగ్రహీతకు కేసు వేసే దారి. ఆయన 45 రోజుల్లోగా డీఆర్‌టీకి, అంటే రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అక్కడ స్టే వస్తే మన డబ్బు బ్యాంకులో, ఆయన ఇంట్లో ఉండిపోతారు. అందుకే వేలం ఆస్తి కొనేవాళ్లు ఇంటి గోడలతో పాటు ఆ ఫైలును కూడా చూడాలి.

మొదటి ఫ్లాటు: తలుపు తీసిన పెద్దావిడ

ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలం ఆస్తులు ఇప్పుడు బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో ఒకచోట కనిపిస్తాయి. మావారు రోజూ రాత్రి భోజనాలయ్యాక అందులో వెతికేవారు. ఒకరోజు ఎగిరి గంతేసినంత పని చేశారు. నాగోలు దగ్గర మూడు పడకగదుల ఫ్లాటు. బజారు ధర కంటే 14 లక్షలు తక్కువకు రిజర్వు ధర పెట్టారు. వేరే బ్యాంకు వేలం.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. తలుపు డెబ్బై ఏళ్లు దాటిన పెద్దావిడ తీశారు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, "ఇల్లు చూడ్డానికి వచ్చారా అమ్మా?" అన్నారు. లోపలికి రమ్మని మంచినీళ్లు ఇచ్చారు. కొడుకు వ్యాపారం దెబ్బతిన్నదట. కేసు వేశాడట. "ఏమవుతుందో తెలీదమ్మా. ఎవరో ఒకరు వచ్చి చూసి పోతున్నారు" అన్నారు.

ఆ గదిలో నాకు ఊపిరాడలేదు. అలాంటి నోటీసులు నేను ఎన్నో తయారుచేసి పై అధికారి సంతకానికి పెట్టాను. వాటిలో ఇంటి విస్తీర్ణం ఉంటుంది, నాలుగు హద్దులు ఉంటాయి. తలుపు తీసే మనిషి ఉండదు.

బయటికొచ్చాక మావారు, "మనం కొనకపోతే ఇంకెవరో కొంటారు కదా" అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. బ్యాంకు డబ్బు డిపాజిటర్లది, వసూలు చేయక తప్పదు. మేం ఆ ఇల్లు వద్దనుకున్నది జాలితో మాత్రమే అంటే నిజం కాదు. ఇంటికొచ్చి ప్రకటన మళ్లీ చదివితే "సింబాలిక్ పొసెషన్" అని ఉంది. అంటే బ్యాంకు గోడకు నోటీసు అంటించి కాగితం మీద స్వాధీనం చేసుకుంది తప్ప తాళం చేతికి రాలేదు. డీఆర్‌టీ వెబ్‌సైట్‌లో రుణగ్రహీత పేరుతో వెతికితే కేసు నడుస్తున్నట్టు కనిపించింది. ఆ 14 లక్షల తేడా ఊరికే రాలేదు. ఖాళీ చేయించే పని, కేసు తేలేదాకా ఎదురుచూసే పని కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది గనకే ఆ ధర. జీతం మీద బతికే మా ఇంటికి ఒకవైపు ఈఎంఐ, మరోవైపు అద్దె ఏళ్ల తరబడి కట్టే ఓపిక లేదు.

ఇక్కడే మరో మాట. మన బంధువుల్లో ఎవరైనా ఆ పెద్దావిడ కొడుకు స్థితిలో ఉంటే, వాళ్లకు రెండు సంగతులు చెప్పండి. బాకీ మొత్తం, ఖర్చులతో సహా, వేలం ప్రకటన వెలువడక ముందే కట్టేస్తే ఇల్లు దక్కుతుంది. 2016 సవరణ తర్వాత గడువు అదే. వేలం రోజు దాకా చూద్దాంలే అనుకుంటే కుదరదని 2023లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. రెండోది, వేలంలో వచ్చిన డబ్బులో బాకీ, ఖర్చులు పోను మిగిలింది దానికి హక్కుదారైన రుణగ్రహీతకే చెందుతుంది. ఆ మిగులు అడిగి తీసుకోవాలి. నోటీసు రాగానే తలుపు వేసుకుని కూర్చోకుండా శాఖకు వెళ్లి మాట్లాడితే, ఒకేసారి పరిష్కారం వంటి దారులు ఇంకా తెరిచే ఉంటాయి. వీలైతే తామే మంచి ధరకు అమ్ముకుని బాకీ తీర్చవచ్చు.

రెండో ఫ్లాటు: ధర కంటే ముందు పైపరిమితి

రెండు నెలలకు మరో ఫ్లాటు కనిపించింది. ఇదీ వేరే బ్యాంకుదే. రిజర్వు ధర 54 లక్షలు. "ఫిజికల్ పొసెషన్" అని రాసి ఉంది, అంటే తాళం బ్యాంకు దగ్గరే ఉంది. డీఆర్‌టీలో కేసేమీ కనిపించలేదు. బ్యాంకు అధికారి దగ్గరుండి తలుపు తీసి చూపించారు. రెండేళ్లు మూసి ఉన్న ఇల్లు. స్నానాల గది గోడ చెమ్మగిల్లింది, వంటగదిలో వైరింగు ఎలుకలు కొరికాయి.

ఆ వారమంతా కాగితాల పని నాది, మనుషుల పని మావారిది. నేను 30 ఏళ్ల ఈసీ తీయించాను. లింకు డాక్యుమెంట్ల నకళ్లు అడిగి మన ప్యానెల్‌లో లేని ఒక లాయరు గారికి ఫీజిచ్చి చూపించాను. సెర్సాయ్‌లో వేరే తాకట్టు ఏదైనా నమోదైందా అని చూశాను. మున్సిపల్ ప్లాన్‌లో ఆ అంతస్తు ఉందా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా అని అడిగాను. ఇది ముఖ్యం. "బ్యాంకే అమ్ముతోంది కదా, కాగితాలు బాగానే ఉంటాయి" అనుకోవడం పెద్ద పొరపాటు. ప్రకటనలో "ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా" అని రాస్తారే, ఆ ఒక్క వాక్యంతో తెలియని లోపాల బరువు కొనేవాళ్ల మీదికి వస్తుంది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. పన్ను బకాయిలు, కోర్టు దావాలు, నోటిమాట అద్దె ఒప్పందాలు అందులో కనిపించవు.

మావారు వాచ్‌మన్‌తో, అసోసియేషన్ కార్యదర్శితో, పైఫ్లాటువాళ్లతో మాట్లాడి వచ్చారు. అదే భవనంలో ఈ మధ్య అదే కొలతల ఫ్లాటు ఎంతకు రిజిస్టరైందో కనుక్కున్నారు. చెప్పే ధర 70 లక్షలు, చేతులు మారిన ధర 66. మేం 66నే లెక్కలోకి తీసుకున్నాం. తర్వాత ఇద్దరం కూర్చుని పాప నోటుబుక్కులో ఇలా రాశాం:

అసోసియేషన్ మెయింటెనెన్స్ బకాయి, 26 నెలలు, నెలకు 3 వేల చొప్పున: 78 వేలు.
కరెంటు బకాయి: 14 వేలు.
ఇంటిపన్ను, జరిమానాతో: 36 వేలు.
మరమ్మతులు, రంగులు: 2 లక్షల 20 వేలు.
ఇల్లు చేతికొచ్చి చేరేదాకా మరో 6 నెలల అద్దె: 1 లక్షా 8 వేలు.
తెలియని ఖర్చుల కోసం: 1 లక్షా 44 వేలు.
మొత్తం: 6 లక్షలు.

కరెంటు బకాయి పాత యజమానిది కదా, మనమెందుకు కట్టాలని మావారు అడిగారు. పాత బకాయి కడితేనే కొత్త యజమానికి కనెక్షన్ ఇస్తామని నిబంధన పెట్టుకోవచ్చని 2023లో కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసుల్లో కొన్నవాళ్లు కూడా మాలాగే "ఎలా ఉన్నది అలా" కొన్నవాళ్లే. రిజిస్ట్రేషన్ ఖర్చు మాత్రం ఈ పోలికలో వేయలేదు. బయట కొన్నా అది ఉంటుంది. చేతిలో పెట్టుకోవాల్సిన డబ్బులో మాత్రం దాన్ని మరవకూడదు.

66లో 6 పోతే 60. అంటే 60 లక్షలకు పాడుకుంటే బయట కొన్నట్టే, చాకిరీ అదనం. ఆ చాకిరీకి కనీసం 2 లక్షలన్నా మిగలాలి. కాబట్టి మా పైపరిమితి 58 లక్షలు. నోటుబుక్కులో 58 కింద రెండు గీతలు గీసి ఇద్దరం సంతకాలు చేశాం. పాప చూసి నవ్వింది.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకున్నాం. పాడుకున్నవాళ్లు ధరలో 25 శాతం అదే రోజు, లేదంటే మర్నాటి పనిదినం లోపు కట్టాలి. ముందు కట్టిన ధరావత్తు ఇందులోకే వస్తుంది. మిగతా 75 శాతం అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెంచవచ్చు గాని మొత్తం 3 నెలలు దాటకూడదు. కట్టలేకపోతే అప్పటిదాకా కట్టింది జప్తు. మామూలు గృహరుణం 15 రోజుల్లో చేతికి రావడం కష్టం. అందుకని నేను పాటకు ముందే మన గృహరుణ విభాగానికి వెళ్లి, వేలం ఆస్తికి ఏయే కాగితాలు కావాలో రాయించుకుని, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ ముందే మొదలుపెట్టించాను.

వేలం రోజు

ధరావత్తు 5 లక్షల 40 వేలు పోర్టల్ ద్వారానే కట్టాం. మధ్యలో ఒకాయన ఫోన్ చేసి, "మేడమ్, 50 వేలిస్తే వేరే పాటదారులు రాకుండా చూసుకుంటాను" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఇలాంటివాళ్లు ప్రతి వేలం చుట్టూ ఉంటారు. డబ్బు పోర్టల్‌కు, ప్రకటనలో ఉన్న ఖాతాకు తప్ప ఇంకెవరి చేతికీ ఇవ్వకండి.

పాట 11 గంటలకు మొదలైంది. నలుగురు పాటదారులు. ఒక్కో పాట 25 వేలు పెంచాలి. ఆఖరి 5 నిమిషాల్లో ఎవరైనా పెంచితే మరో 5 నిమిషాలు పొడిగింపు. 54 నుంచి 57 దాకా పావుగంటలో వెళ్లిపోయింది. మేం 58 పాడాం. తెర మీద మా పాటే పైన ఉంది. ఇంకో నిమిషం ఉందనగా 58 లక్షల 25 వేలు వచ్చింది.

"పాతిక వేలే కదా! ఇంతదూరం వచ్చి పాతిక వేలకు వదిలేస్తామా?" అన్నారు మావారు.

నాలుగేళ్లు వేలాలు చూసిన నాకు కూడా చెయ్యి ముందుకే వెళ్లింది. అంతవరకు పరాయి ఇల్లు. 58 పాడి పైన ఉన్న ఆ నాలుగు నిమిషాల్లో అది మా ఇల్లయిపోయింది. పాప గది ఏదో, దేవుడి గూడు ఎక్కడో మనసులో అనేసుకున్నాను. పోగొట్టుకుంటున్నది పాతిక వేలు కాదు, మా ఇల్లు అనిపించింది. ఆయనే మళ్లీ మెల్లగా అన్నారు. "ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది కదా. ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం."

ఆ మాటతో నేను ఆగాను. నోటుబుక్కు ఎదురుగానే ఉంది. లాప్‌టాప్ మూసేశాను. మూడు రోజులు మా ఇంట్లో మాటలు పొడిపొడిగానే సాగాయి.

ఆ ఫ్లాటు 63 లక్షల 50 వేలకు పోయిందని తర్వాత తెలిసింది. మా లెక్క ప్రకారం దానికి 6 లక్షలు కలిపితే 69న్నర. అంటే పాడుకున్నవాళ్లు బయటి ధర కంటే మూడున్నర లక్షలు ఎక్కువే పెట్టబోతున్నారు, చాకిరీ అదనం.

నాలుగు నెలల తర్వాత

అదే ఫ్లాటు మళ్లీ వేలానికి వచ్చింది. పాడుకున్నాయన 25 శాతం, అంటే 15 లక్షల 87 వేల 500 రూపాయలు కట్టారు. మిగతాదానికి రుణం సమయానికి రాలేదు. గడువు పెంచినా కట్టలేకపోయారు. డబ్బు జప్తయింది.

అది నిబంధన. 2024లో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి జప్తు చెల్లుతుందనే చెప్పింది. మా విభాగంలో ఉన్నప్పుడు ఇలాంటి జప్తు ఉత్తరం నేనూ ఒకటి తయారుచేశాను. అప్పుడు అది నాకు నాలుగు పంక్తుల ఉత్తరం. ఇప్పుడు ఆ అంకె చూస్తే, ఎవరి పీఎఫ్‌ డబ్బో, ఎవరి పొలం అమ్మిన డబ్బో అనిపించింది. ఆరోజు నేను లాప్‌టాప్ మూయకపోతే, 63 లక్షల దగ్గర మాకు వచ్చే రుణం కూడా చాలేది కాదు. ఆ ఉత్తరం మా ఇంటికే వచ్చి ఉండేదేమో.

రెండోసారి పాటదారులు ఇద్దరమే. పైపరిమితి మళ్లీ 58. మా పాట 56 లక్షల 75 వేల దగ్గర నిలిచింది. 25 శాతం 14 లక్షల 18 వేల 750. ధరావత్తు పోను 8 లక్షల 78 వేల 750 మర్నాడు ఉదయమే కట్టాం. మిగిలిన 42 లక్షల 56 వేల 250కి స్టాఫ్ రుణం కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కోసి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. మాకది 56,750 రూపాయలు. ఇది ధరలోంచే కోస్తాం గనుక అదనం కాదు. కాని ఎలా కట్టాలో, చలానా ఎవరికివ్వాలో వేలం వేసిన బ్యాంకును ముందే అడిగి రాసుకోవాలి. డబ్బంతా ముట్టాక సేల్ సర్టిఫికెట్, పాత యజమాని అసలు దస్తావేజులు, తాళాలు తీసుకున్నాం. సర్టిఫికెట్‌ను సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాం.

చివరికి ఎంత చౌక?

ఇల్లు చేరాక అదే నోటుబుక్కు తీసి అసలు ఖర్చులు రాశాను. మెయింటెనెన్స్ బకాయి ఈలోగా 32 నెలలై 96 వేలైంది. కరెంటు 14 వేలు, పన్ను 36 వేలు. మరమ్మతులు అనుకున్నదానికంటే పెరిగి 3 లక్షల 10 వేలయ్యాయి. స్నానాల గది చెమ్మ పైఫ్లాటు గొట్టం నుంచి వస్తోందని గోడ పగలగొట్టాకే తెలిసింది. లిఫ్టు మార్చినప్పటి మా ఫ్లాటు వాటా 45 వేలు బాకీ ఉందని గృహప్రవేశం రోజే కార్యదర్శి గారు చెప్పారు. మెయింటెనెన్స్ బకాయి అడిగాం గాని, "ఇంకేమైనా ఉన్నాయా" అని అడగలేదు. అది మా పొరపాటే. అసోసియేషన్ నుంచి బకాయిల లెక్క కాగితం మీద రాయించుకుని ఉండాల్సింది. అద్దె 6 నెలలు కాదు, 7 నెలలు పట్టి 1 లక్షా 26 వేలైంది.

మొత్తం 6 లక్షల 27 వేలు. ధరతో కలిపితే 63 లక్షల 2 వేలు. బయటి ధర 66. మిగిలింది 2 లక్షల 98 వేలు.

ప్రకటన చూసిన రోజు 54కీ 66కీ తేడా 12 లక్షలు కనిపించింది. చివరికి చేతికి వచ్చింది 3 లక్షలకు రెండు వేలు తక్కువ. మిగతా 9 లక్షలు ఎక్కడికి పోయాయంటే, కొంత పాటలో, కొంత బకాయిల్లో, కొంత గోడల్లో. దీన్ని నష్టమనను. ఆ 3 లక్షలు మేం ఊరికే పొందింది కాదు, ఏడు నెలల తిరుగుడుకు వచ్చిన కూలి. ఆ కూలికి ఆ పని చేయగల సమయం, ఓపిక మీ ఇంట్లో ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. లేకపోతే బయట కొనుక్కోవడమే చౌక.

మన ఇళ్లవాళ్లకు నాలుగు మాటలు

ప్రకటనలో ముందు ధర చూడకండి, స్వాధీనం ఏ రకమో చూడండి. సింబాలిక్ అని ఉంటే, ఖాళీ చేయించే కాలం, ఖర్చు మీ లెక్కలో ఉండాలి. లోపల అద్దెకున్నవాళ్లు ఉంటే వాళ్ల హక్కుల సంగతి లాయరును అడగండి.

పైపరిమితి వేలానికి ముందు రాసుకోండి. ఒకరే రాసుకుంటే దాటేస్తారు, ఇద్దరు రాసుకుంటే ఒకరైనా ఆపుతారు. ఆ రోజు మా ఇంట్లో ఆపింది నేను. ఇంకో రోజు ఆయన ఆపి ఉండేవారేమో.

25 శాతం చేతిలో, 75 శాతానికి రాతపూర్వక భరోసా లేకుండా పాట పాడకండి. "చూసుకుందాంలే" అన్న మాటకు 15 రోజుల గడువు తెలియదు.

ఇది ముఖ్యంగా ఉద్యోగులకు. మన బ్యాంకు వేస్తున్న వేలంలో, ఆ ఫైలుతో ఏ కొంచెం సంబంధం ఉన్నా, మనం గాని మన పేరు మీద ఇంట్లోవాళ్లు గాని పాల్గొనకూడదు. సంబంధం లేకపోయినా ముందు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మేలు. ఎక్కడ కొన్నా ప్రవర్తనా నియమావళి ప్రకారం స్థిరాస్తి వివరాలు పై అధికారికి తెలియజేయాలి. ఇల్లు కొన్న సంతోషంలో ఈ ఉత్తరం మరిచిపోయి ఇబ్బంది పడినవాళ్లు ఉన్నారు.

గృహప్రవేశం నాడు పాప ఆ నోటుబుక్కు అల్మారాలో పెడుతూ, 58 కింద రెండు గీతలు మళ్లీ చూసి నవ్వింది. దాని ఫిక్స్‌డ్ డిపాజిట్ అలాగే ఉంది. ఈ ఏడాది ఇంజనీరింగ్‌లో చేరింది, మొదటి ఏడాది ఫీజు దాంట్లోంచే కట్టాం.

ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉంటాయి. "వేలంలో చౌకగా వస్తుందట కదా మేడమ్?" అని. ఇప్పుడు నేను చూసి చెబుతాననడం లేదు. "ఒక నోటుబుక్కు తీసుకుని, మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. లెక్క మొదలుపెడదాం" అంటున్నాను.